ఫుడ్ డెలివరీలో మూడు ఆర్డర్లు ఒకేసారి పడితే బ్యాగ్ ఇలా సర్దు

తమ్ముడూ, మాదాపూర్‌లో మూడు ఆర్డర్లు ఎత్తుకుని కొండాపూర్ చేరేసరికి చివరి పార్సిల్‌లో గ్రేవీ కారిపోతోందన్నావు. చాలావరకు సర్దడంలోనే తేడా ఉంటుంది. బిర్యానీ డబ్బాలు బరువు కాబట్టి అడుగున పెట్టు. వాటి పక్కనే గ్రేవీ డబ్బాలు, మూత పైకి ఉండేలా. మధ్యలో ఖాళీ ఉంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ డబ్బా ఒరిగి మూత లేస్తుంది. పాత టవల్ మడిచి ఆ సందులో గట్టిగా కుక్కు. దోసె, సమోసా పైన. కూల్ డ్రింకులు, ఐస్‌క్రీమ్ వేడి బ్యాగ్‌లో అసలొద్దు, వేరే సంచిలో పెట్టు.

అసలు పని హోటల్ కౌంటర్ దగ్గరే. కవర్ అడుగు అరచేత్తో తడిమి చూడు. నూనె తగిలితే యాప్‌లో పికప్ నొక్కకముందే మళ్లీ ప్యాక్ చేయించు, సీల్ మాత్రం నువ్వు విప్పకు. బిల్లు మీది ఆర్డర్ నంబర్ యాప్‌తో సరిచూసి, కవర్ మీద మార్కర్‌తో 1, 2, 3 అని పెద్దగా రాయి. ఒకే హోటల్ కవర్లన్నీ ఒకేలా ఉంటాయి, తారుమారయ్యేది అక్కడే.

గేటెడ్ కమ్యూనిటీ అయితే గేటు చేరకముందే బండి పక్కకు ఆపి, కస్టమర్‌కి ఫోన్ చేసి ఎంట్రీ ఓకే చేయించుకో. బండి బయటే పెట్టమంటే మిగతా పార్సిళ్లున్న బ్యాగ్ దాని మీద వదలకు, భుజాన వేసుకునే లోపలికి వెళ్లు.