ఆ శిఖం రైతు దగ్గర ఆగి ఉండాల్సింది

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. వచ్చిన రాత్రే కూర్చుని చదివాను. బీటెక్ సివిల్ అయ్యాక ఎందుకు డెవలప్‌మెంట్ స్టడీస్ ఎం.ఏ.లో చేరావో, చెరువుల మీద డిజర్టేషన్ చేస్తూ ఎలా మారావో రాశావు. వాక్యం శుభ్రంగా ఉంది. అంతకు మించి మెచ్చుకోవడానికి నాకు మనసు రావడం లేదు. నాలుగో పేజీలో నువ్వు చేసిన పని చూసి నాకు కోపం వచ్చింది.

శిఖంలో, అంటే చెరువు నీరు తగ్గాక బయటపడే భూమిలో, రెండెకరాలు దున్నుకునే ఒక ముసలామె నీతో అన్న మాట అక్కడ ఉంది. 'చెర్వు నిండిందంటే మా ఇంట్ల పొయ్యి వెలగది బిడ్డా.' ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నువ్వు మాత్రం ఆగలేదు. 'ఈ అనుభవం నా దృక్పథాన్ని విస్తృతం చేసింది' అని ఒక వాక్యం రాసి, కోర్సు నీకు నేర్పిన విలువల్లోకి వెళ్లిపోయావు. బృంద చర్చలు, విమర్శనాత్మక ఆలోచన, బహుళ కోణాలు అంటూ మూడు పేజీలు నడిపావు. ఆ మూడు పేజీలూ ఏ ఊళ్లో, ఏ కోర్సు చదివిన ఎవరైనా రాయగలరు. ఆ ముసలామె మాట విన్నదానివి నువ్వొక్కదానివే.

చెరువు నిండితే ఊరికి మంచిది. నీ బీటెక్ అదే నేర్పింది. తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని పెట్టుకున్నది కూడా ఆ నమ్మకంతోనే. ఇంజనీరు లెక్క తప్పు కాదు. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే మత్తడిని ఒక అడుగు లేపితే నీరు ఎక్కువ నిలుస్తుంది, తూము కింద ఆయకట్టుకు ఇంకో తడి అందుతుంది. కానీ ఆ అడుగు నీరు వెనక్కి ఎంత దూరం పాకుతుంది? ఎవరి చేను మీదికి పోతుంది? చెరువు అంచున వాలు తక్కువ కాబట్టి కట్ట దగ్గర అడుగు పెరిగితే వెనకాల ఎకరాలకు ఎకరాలు మునుగుతాయి. అక్కడ నీరు తగ్గాక తడి మట్టిలో పంట వేసుకునేది సాధారణంగా వేరే భూమి లేనివాళ్లే. ఆ లెక్క నీ లెవెల్ పుస్తకంలో లేదు, ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే పహాణీలో ఉంది. పహాణీ చదవడం నీకు ఎం.ఏ. నేర్పింది. పహాణీ మాత్రమే చదివినవాడికి అడుగు నీరంటే ఎంత దూరమో తెలియదు. రెండూ తెలిసిన మనిషివి నువ్వు ఆ ముసలామె ముందు నిలబడ్డావు. నీ రెండు చదువులూ ఒకదాని మీదికి ఒకటి తిరగబడిన చోటు అది. నువ్వు రాయాల్సిన వ్యాసం అక్కడే ఉంది తల్లీ.

నేను ఎన్నాళ్లుగానో పట్టుకుని వేలాడుతున్న మాట ఒకటి చెబుతాను, విసుక్కోకు. రెండు మూడు శాస్త్రాలు చదివినవాళ్లు అవి కలిసిపోయాయని రాస్తారు. కలవవు. పొట్లాడతాయి. ఆ పొట్లాట జరిగిన చోటు పేరు చెప్పి, అక్కడ ఏముందో చూపించి, ఎవరు ఏమన్నారో రాయి. 'నేను ఎదిగాను' అని వేరే రాయక్కర్లేదు. మొదటి ఏడాది నువ్వు ఊళ్లోకి వెళ్లి అడిగిన ప్రశ్న ఇది, రెండో ఏడాది అడిగిన ప్రశ్న ఇది అని రెండూ పక్కపక్కన పెట్టు. ఎంత మారావో చదివేవాడికి తెలిసిపోతుంది.

నేను బోటనీ డిగ్రీతో జూనియర్ కాలేజీలో పనిచేస్తూ చరిత్ర ఎం.ఏ. ప్రైవేటుగా కట్టినవాణ్ణి. మాకు బయ్యారం చెరువు శాసనం పాఠం ఉండేది. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ ధర్మకీర్తి సముద్రం అనే చెరువు తవ్వించి వేయించిన శాసనం అది. కాకతీయుల తొలి తరాల పేర్లు అందులో దొరుకుతాయి కాబట్టి చరిత్రవాళ్లకు అది ప్రాణం. వెన్న నృపుడి నుంచి వంశావళి అంతా బట్టీ పట్టాం. చెరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. శాసనం వేయించిందే చెరువు కోసమని నాకు లోపల ఒకటే గింజులాట. ఒక ఆదివారం బస్సెక్కి బయ్యారం పోయి కట్ట మీద సాయంత్రం దాకా తిరిగాను. మొక్కలు చదివిన కళ్లు కదా, తుంగ ఎక్కడిదాకా ఉందో, నల్లతుమ్మ ఎక్కడ మొదలైందో చూసుకుంటూ నీరు ఏటా ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగుతుందో రాసుకున్నాను. శాసనాన్నీ తుంగనీ కలిపి వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు తుంగ ఉన్న పేరాలన్నీ కొట్టేసి, కాకతీయ వైభవం అని శీర్షిక పెట్టి వేశాడు. 'గడ్డి గురించి ఎవరు చదువుతారండీ' అని కార్డు కూడా రాశాడు. ఆ కోత గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వంశావళి ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ ఏడాది తుంగ ఎక్కడిదాకా ఉందో మళ్లీ ఎవరు చెబుతారు?

ఇప్పటి ఫ్యాషన్ ఇంకో రకం. అప్పట్లో వైభవం అడిగేవాళ్లు, ఇప్పుడు 'నా ప్రయాణం' అడుగుతున్నారు. పిల్లలు ఏం చూశారో ఎవరికీ అక్కర్లేదు, చూసి ఎలా ఫీలయ్యారో కావాలి. నువ్వు ఆ అచ్చులో పోసుకోకు.

చరిత్రకారుడు దామోదర్ ధర్మానంద్ కోశాంబి గురించి మీ కోర్సులో చెప్పే ఉంటారు. ఆయన గణితం మనిషి. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో గణితమే పని. తక్షశిలలో దొరికిన పాత వెండి నాణేలను త్రాసులో తూచాడు. చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుంది, బరువు తగ్గుతుంది కాబట్టి ఆ తరుగుదలను గణాంకాలతో పట్టుకుని ఏది ముందుదో ఏది తర్వాతదో తేల్చాలని చూశాడు. గణితం తన ఆలోచనను విశాలం చేసిందని ఆయన వ్యాసం రాసుకుని ఊరుకుంటే మనకు ఏం మిగిలేది? మనకు పనికొచ్చేది ఆ త్రాసు.

పీహెచ్‌డీనా ఉద్యోగమా అని అడిగావు. అది మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి. ఏ పత్రికకు పంపాలనేది వ్యాసం అయ్యాక చూద్దాం.

ముందు ఆ ఊరికి మళ్లీ పో. ఈసారి ప్రశ్నల కాగితం తీసుకుపోకు. నీరు వెనక్కి తగ్గాక ఆమె ఏం వేస్తుంది, విత్తనం ఎవరిస్తారు, పట్టా ఉందా లేక దున్నుకోవడమేనా, చెరువు నిండిన ఏడు ఇల్లు ఎలా గడిచిందో కూర్చుని విను. చెరువు నీళ్లు వదిలే నీరటి దగ్గరికి కూడా పో. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడికి ముందు పారాలో అతనికి తెలిసినట్టు ఏ ఆఫీసులోనూ తెలియదు. చేపల సొసైటీ వాళ్లను మరిచిపోకు. తూము మట్టానికి కింద మిగిలే నీరు ఆయకట్టు లెక్కలోకి రాదు, వాళ్ల చేపకు ఎండాకాలం అదే దిక్కు. ఆయకట్టు రైతు ఆ నీటికి కూడా మోటారు పెడతానంటే అక్కడ ఇంకో తగాదా.

ఇదంతా రాశాక పూర్తి నీటిమట్టం రాళ్లు ఎక్కడ పాతారో గుర్తించి, గ్రామ నక్షా, అంటే ఊరి భూముల పటం, మీద ఆ గీత గీసి చూడు. ఆమె రెండెకరాలు గీతకు లోపల ఉన్నాయా బయట ఉన్నాయా అన్నది నీ వ్యాసంలో కచ్చితంగా ఉండాలి. నక్షా కాపీకి తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టు. వాళ్లు ఆలస్యం చేస్తే నాకు ఫోన్ చెయ్యి. నాకు తెలిసిన సర్వేయర్ ఒకాయన రిటైరై హనుమకొండలోనే ఉన్నాడు, పాత నక్షాలు చదవడంలో దిట్ట. నీతో ఊరికి వస్తాడేమో నేను అడిగి పెడతాను.