చమురు బావి పక్కన మంచినీటి బోరు: తవ్వకానికి ముందే నీటి పరీక్ష

కోనసీమలో మీ పొలం పక్కన తవ్వబోయే చమురు బావి 3,000 మీటర్ల లోతుకు పోతుంది కాబట్టి 100 అడుగుల లోతున్న మీ బోరుకు ముప్పు లేదని మీవారు అంటున్నట్లు రాశారు. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి ప్రాంతమైనా, గోదావరి జిల్లాల రిగ్గుల మీద తొమ్మిదేళ్లు సిమెంటు పనిలో ఉన్నాను. ఆయన మాట సగమే నిజం, ఎందుకంటే అంత లోతుకు వెళ్లే దారి మీ మంచినీటి పొరల గుండానే పోతుంది.

అందుకే ముందుగా ఆ పొరలు దాటేదాకా తవ్వి, ఇనుప గొట్టం (కేసింగ్) దించి, దానికీ మట్టికీ మధ్యనున్న సందులోకి సిమెంటును కింది నుంచి పైకి ఎక్కించి, అది గట్టిపడ్డాక ఒత్తిడి పెట్టి చూసి, ఆ తరువాతే లోతుకు దిగుతారు. కేసింగ్ ఒక పక్కకు ఒరిగినా, తవ్వేటప్పుడు వాడిన బురద ఆ సందులోంచి పూర్తిగా కడుక్కుపోకపోయినా, సిమెంటులో మిగిలిన సన్నని దారుల వెంట గ్యాసు, ఉప్పునీరు పైకి పాకుతాయి. ఒక బావిలో సిమెంటు నేల దాకా రాకపోతే, పై నుంచి మళ్లీ పోయడానికి మాకు ఒక రాత్రంతా పట్టింది.

1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండిన సంగతి అందరికీ గుర్తే గానీ, నీటి చెడుపు అలా కంటికి కనిపించదు. నాకు ఎక్కువ భయం పైనుండే వ్యర్థాల గుంటల గురించే. మా ఇంటి బోరు 220 అడుగులు, కేసింగ్ మాత్రం రాయి తగిలేదాకా 40 అడుగులే. ఒక వర్షాకాలం పొరుగింటి ఇంకుడు గుంత నీరు ఆ కేసింగ్ పక్క నుంచే దిగి బోరును పాడుచేసింది. ఇక అడుగున పట్టా పరచని గుంటలో చమురుతో వచ్చిన ఉప్పునీరు నిలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

తీరాన నీరు ముందే ఉప్పన కావచ్చు కాబట్టి, తవ్వకానికి ముందటి లెక్క లేకపోతే ఆ ఉప్పు సముద్రానిదో బావిదో తేల్చలేరు. రాతిపొరలను పగలగొట్టి చమురు, గ్యాసు తీసే పద్ధతి కొన్ని పరిస్థితుల్లో తాగునీటిని దెబ్బతీయగలదని 2016లో చెప్పిన అమెరికా పర్యావరణ సంస్థ కూడా, సమాచారం చాలక అది ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేకపోయింది. మా పక్కనున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు నీరే కారణమా అన్నది ఇన్నేళ్ల పరిశోధనల తరువాతా తేలలేదు.

పర్యావరణ అనుమతి నిబంధనలకు 2020లో చేసిన సవరణ తరువాత, చమురు ఉందో లేదో చూడటానికి తవ్వే అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ లేదు గనుక దానికోసం ఎదురుచూడకండి. మోటారును పది నిమిషాలు నడిపాక, మీ బోరు నుంచీ పొరుగు బోరు నుంచీ ఒకే రోజు నీళ్లు పట్టి, టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు), క్లోరైడు, బేరియం, మీథేన్ పరీక్షలు చేయించండి. లీటరుకు టీడీఎస్ 500, క్లోరైడు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు లేనప్పుడు టీడీఎస్ 2,000, క్లోరైడు 1,000 దాకా ఒప్పుకుంటారు. ప్రయోగశాల కాగితం మీద తేదీ, ముద్ర ఉండేలా చూసుకోండి.