సబ్‌లకి ఏ యాంప్: బరువైన పాతదా, తేలికైన కొత్తదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: రెండు డబుల్ 18 అంగుళాల సబ్‌లు (ఒక్కో బాక్స్‌లో రెండేసి 18 అంగుళాల డ్రైవర్లున్న బేస్ స్పీకర్లు), నాలుగు టాప్‌లు (బేస్ కాక మిగతా సౌండ్ ఇచ్చే స్పీకర్లు) ఉన్నాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాత క్లాస్ హెచ్ (సిగ్నల్‌ని బట్టి లోపలి సప్లై వోల్టేజ్ మార్చుకునే రకం) యాంప్ ఒకటి దొరుకుతోంది, దానికి రెట్టింపు వాట్స్ రాసి ఉన్న తేలికపాటి క్లాస్ డీ (చాలా వేగంగా స్విచ్ అవుతూ పనిచేసే రకం) యాంప్ ఇంకొకటి దొరుకుతోంది, ఏది తీసుకోవాలి? టాప్‌లకైతే తేలికదే తీసుకోండి, పెద్దగా ఆలోచించక్కర్లేదు. సబ్‌ల విషయంలో మాత్రం ఆ రెట్టింపు అంకెని కాసేపు మర్చిపోయి, ఆ యాంప్ అంత పవర్‌ని ఎంతసేపు ఇవ్వగలదో కనుక్కున్నాకే డబ్బు తియ్యండి.

ముందు ఆ అంకె సంగతి. వాట్స్ రెట్టింపైతే పెరిగేది 3 డీబీ (సౌండ్ స్థాయిని కొలిచే డెసిబెల్), చెవికి తేడా తెలుస్తుంది కానీ "రెట్టింపు సౌండ్" అనిపించదు, అలా అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఇక 1000 వాట్స్ యాంప్‌కీ 1200 వాట్స్ యాంప్‌కీ మధ్య తేడా 0.8 డీబీ, షోలో దాన్ని ఎవరూ పట్టుకోలేరు. అయినా యాంప్ కొనేటప్పుడు మనవాళ్లలో ఎక్కువ మంది వాదించుకునేది ఈ 200 వాట్స్ గురించే!

ఆ వాట్స్ ఏ ఓమ్స్ (స్పీకర్ కరెంట్‌కి చూపే నిరోధం) దగ్గర, ఎన్ని ఛానెల్స్ ఒకేసారి పనిచేస్తుండగా, ఎంత డిస్టార్షన్‌తో (సౌండ్ ఎంత చెడిపోతూ), ఎంతసేపు అన్న నాలుగూ తెలియకపోతే రెండు యాంప్‌లని పోల్చడానికి ఏమీ లేదు. అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. ల్యాబ్ గ్రుప్పెన్ కంపెనీ యాంప్ ఎఫ్‌పీ 10000క్యూ పేరులో ఉన్న 10000 అంటే నాలుగు ఛానెల్స్‌ని 2 ఓమ్స్ దగ్గర కలిపితే వచ్చే మొత్తం, ఛానెల్‌కి 2500. అదే యాంప్ 4 ఓమ్స్ దగ్గర 2100, 8 ఓమ్స్ దగ్గర 1300 ఇస్తుంది. కంపెనీ ఇవన్నీ విడివిడిగా రాసింది కాబట్టి సరిపోయింది, ఆ మోడల్ చూసి తయారుచేసే నకళ్లలో చాలావాటి మీద మాత్రం పెద్ద అంకె ఒక్కటే కనిపిస్తుంది.

మీ డబుల్ 18లో ఉన్నవి 8 ఓమ్స్ డ్రైవర్లు రెండు ప్యారలల్‌లో అయితే బాక్స్ 4 ఓమ్స్. రెండు బాక్సులు ఒకే ఛానెల్ మీద వేస్తే 2 ఓమ్స్. నన్నడిగితే వెయ్యకండి, ఒక్కో బాక్స్‌కి ఒక్కో ఛానెల్ ఇవ్వండి. 2 ఓమ్స్‌లో యాంప్ పనిచేస్తుందని బుక్‌లో ఉన్నా వేడి పెరుగుతుంది, కేబుల్‌లో పోయేది పెరుగుతుంది, ఆ ఛానెల్ పోతే రెండు సబ్‌లూ ఒకేసారి ఆగిపోతాయి. బ్రిడ్జ్ చేసి (రెండు ఛానెల్స్‌ని కలిపి ఒకటిగా వాడి) 4 ఓమ్స్ బాక్స్ తగిలిస్తే లోపల ఒక్కో ఛానెల్‌కి కనిపించేది 2 ఓమ్సే, అది కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయం, "ఎంతసేపు". కొన్ని స్పెక్ షీట్లలో పవర్ పక్కన చిన్న అక్షరాల్లో 20 మిల్లీసెకన్ల బర్స్ట్ అని ఉంటుంది. 1000 హెర్ట్జ్ దగ్గర 20 మిల్లీసెకన్లంటే ఇరవై సైకిల్స్, బాగానే ఉంది. 40 హెర్ట్జ్ దగ్గర ఒక్క సైకిల్‌కే 25 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే మీ సబ్ కోన్ ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ కదిలే లోపే ఆ గొప్ప పవర్ లెక్క అయిపోయింది. కిక్ డ్రమ్‌కైతే ఇది పెద్దగా తెలియదు, సాగే బేస్ నోట్ వచ్చినప్పుడు బయటపడుతుంది.

నేను ఇలాంటి రెండు యాంప్‌లని పక్కపక్కన పెట్టి ఒకే సబ్ మీద విన్నాను. మొదట్లో తేలికదే ఎక్కువ సౌండ్ ఇచ్చింది, చుట్టూ ఉన్నవాళ్లంతా అదే బాగుందన్నారు. కానీ దాని గెయిన్ ఎక్కువ, అంతే. 32 డీబీ గెయిన్ ఉన్న యాంప్ ఇన్‌పుట్‌ని 40 రెట్లు చేస్తుంది, 26 డీబీది 20 రెట్లే చేస్తుంది, కాబట్టి మిక్సర్ నుంచి ఒకే సిగ్నల్ వెళ్తే మొదటిది 6 డీబీ ఎక్కువ వినిపిస్తుంది, దానికి పవర్‌తో సంబంధమే లేదు. అందుకని స్పీకర్లు పీకేసి, 50 హెర్ట్జ్ టోన్ చిన్న లెవెల్లో పంపి, రెండిటి అవుట్‌పుట్‌నీ మల్టీమీటర్‌తో ఏసీ వోల్ట్స్‌లో చూసి ఒకే వోల్టేజ్‌కి తెచ్చాం. ఆ తర్వాత టాప్‌ల మీద కూడా విన్నాం, అక్కడ ఏది ఏదో చెప్పలేకపోయాం, నేనే కాదు, అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు. సబ్ మీద మామూలు లెవెల్లో కూడా అంతే. బాగా పైకి తోసి, నోట్ ఆగకుండా సాగే ట్రాక్ పెట్టాక తేలికది మొదట గట్టిగా కొట్టి నోట్ మధ్యలో సన్నబడింది, బరువైనది తక్కువ అంకె రాసుకుని కూడా చివరిదాకా అలాగే నిలబడింది. దీన్నిబట్టి క్లాస్ డీ పనికిరాదని అనుకోకండి, సప్లై గట్టిగా ఉన్న మంచి క్లాస్ డీ యాంప్‌లు ఈ పని హాయిగా చేస్తాయి. తేడా పవర్ సప్లైలో ఉంది, క్లాస్ పేరులో లేదు.

గోడలోంచి వచ్చేది కూడా లెక్కెయ్యండి. 230 వోల్ట్స్, 16 ఆంప్స్ ప్లగ్ నుంచి వచ్చేది 3680 వాట్స్. మరి 10000 వాట్స్ యాంప్ దాని మీద ఎలా నడుస్తుంది అంటే, మ్యూజిక్‌లో పీక్‌లే పెద్దవి, సగటు చిన్నది. అందుకే చాలా కంపెనీలు కరెంట్ వాడకాన్ని 1/8 పవర్ దగ్గర చెప్తాయి, 10000లో అది 1250 వాట్స్. బాగా కంప్రెస్ చేసిన డ్యాన్స్ మ్యూజిక్‌ని క్లిప్ లైట్ (యాంప్ హద్దు దాటి వేవ్ పైభాగం తెగిపోతోందని చెప్పే లైట్) దాకా నడిపితే అది 1/3 దాకా వెళ్తుంది, అంటే 3300 పైమాటే, యాంప్ లోపల వేడిగా పోయేది కూడా కలిపితే ఆ ప్లగ్ చాలదు. మీరు ఎక్కువగా నడిపేది ఏ మ్యూజిక్ అన్నది చిన్న ప్రశ్నేం కాదు.

జనరేటర్ మీద పనిచేస్తే ఇంకో సంగతి. పాత ట్రాన్స్‌ఫార్మర్ యాంప్‌లో చాలావాటికి సప్లై రెగ్యులేషన్ (లోపలి వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే ఏర్పాటు) ఉండదు, 230 కాస్తా 200కి పడితే మాక్సిమమ్ పవర్ దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. వినడానికి అది 1.2 డీబీయే గానీ, క్లిప్ అంత ముందే వచ్చేస్తుంది. పీఎఫ్‌సీ (మెయిన్స్ నుంచి కరెంట్‌ని సాఫీగా తీసుకునే సర్క్యూట్) ఉన్న, రెగ్యులేటెడ్ సప్లై కొత్త యాంప్‌లు ఇక్కడ గెలుస్తాయి.

"చిన్న యాంప్ పెడితే స్పీకర్ కాలిపోతుంది" అనే మాట మీకు ఎవరో చెప్పే ఉంటారు. స్పీకర్‌ని కాల్చేది కాయిల్‌లోకి వెళ్లే సగటు వేడి. చిన్న యాంప్‌ని రోజంతా క్లిప్‌లో నడిపితే ఆ సగటు పెరుగుతుంది, పూర్తిగా స్క్వేర్ వేవ్ అయిపోతే రాసి ఉన్న పవర్‌కి రెట్టింపు దాకా కూడా పోతుంది, అప్పుడు కాలుతుంది. క్లిప్ చెయ్యకుండా నడిపితే చిన్న యాంప్ వల్ల ఏ స్పీకరూ పోదు. పెద్ద యాంప్‌ని లిమిటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా ఆపేది) లేకుండా ఎవరి చేతికో ఇవ్వడమే నాకు ఎక్కువ టెన్షన్.

సైజు కోసం నేను వాడే లెక్క సులువు. బాక్స్ మీద ఏఈఎస్ లేదా కంటిన్యువస్ అని ఉన్న అంకె (స్పీకర్ ఎక్కువసేపు తట్టుకోగల పవర్) చూడండి, ప్రోగ్రామ్ అంటే మామూలుగా దానికి రెట్టింపు, పీక్ అంటే నాలుగు రెట్లు. ఏఈఎస్ అంకెకి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల యాంప్ తీసుకుని, ప్రాసెసర్‌లో (మిక్సర్‌కీ యాంప్‌కీ మధ్య ఉండే సిగ్నల్ బాక్స్) లిమిటర్ పెట్టండి. ఏఈఎస్ 2000 వాట్స్, 4 ఓమ్స్ బాక్స్ అయితే ఆ 2000 వాట్స్ అంటే 89 వోల్ట్స్. సగటుని పట్టే నెమ్మది లిమిటర్ దీనికంటే పైకి పోనివ్వకూడదు, సబ్ గంటలతరబడి మోగాలంటే ఇంకాస్త కిందకే పెడతాను. యాంప్ మారిస్తే గెయిన్ మారుతుంది, లిమిటర్ మళ్లీ సెట్ చెయ్యాల్సిందే, చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (కోన్ కదలికని యాంప్ ఎంత గట్టిగా అదుపు చేస్తుందో చెప్పే అంకె) 800 ఉందా 300 ఉందా అని చూస్తూ కూర్చోకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 20 మీటర్లు లాగితే పోను రాను కలిపి దాదాపు 0.28 ఓమ్స్, 4 ఓమ్స్ సబ్ దగ్గర మిగిలేది 14 మాత్రమే. ర్యాక్‌ని సబ్‌ల పక్కన పెట్టి కేబుల్ పొట్టిగా ఉంచడం ఎంత ఖరీదైన యాంప్ కన్నా మేలు చేస్తుంది.

ఒకే ర్యాక్‌లో పాతదీ కొత్తదీ కలిపి పెడితే ఫ్యాన్ గాలి ఎటు పోతుందో చూడండి. ఒకటి ముందు నుంచి పీల్చి వెనక్కి, ఇంకొకటి వెనక నుంచి పీల్చి ముందుకి తోస్తుంటే ఒకదాని వేడిని ఇంకొకటి తాగుతుంది, మధ్యాహ్నం షోలో సగంలో థర్మల్ లైట్ వెలుగుతుంది. బరువు గురించి నేను చెప్పేదేమీ లేదు, ముప్ఫై కిలోల యాంప్‌ని మెట్లెక్కించిన నడుమే చెప్తుంది. రిపేర్ మాత్రం ఆలోచించండి, పాత యాంప్‌లో పోయిన ట్రాన్సిస్టర్లు మార్చే మనిషి దొరకొచ్చు, స్విచింగ్ సప్లై బోర్డ్ పోతే తరచుగా బోర్డే మార్చాలి, ఆ బోర్డ్ దొరుకుతుందా అని కొనకముందే అడగండి.

మీ చోట నేనుంటే టాప్‌లకి తేలిక యాంప్ తీసుకుని, సబ్‌లకి ఆ పాత క్లాస్ హెచ్ యాంప్‌నే, ఫ్యాన్లూ రిలేలూ చూపించుకుని, ఛానెల్‌కి ఒక్కో బాక్స్ చొప్పున వేస్తాను. కొత్తదాని స్పెక్ షీట్‌లో 4 ఓమ్స్ దగ్గర రెండు ఛానెల్సూ నడుస్తుండగా ఒక సెకను పైన ఎంత ఇస్తుందో రాసి ఉంటే, అది మీ బాక్స్ ఏఈఎస్ అంకెని దాటుతుంటే, అప్పుడు రెండూ కొత్తవే తీసుకోవచ్చు. మీ సబ్‌ల వెనక రాసి ఉన్న ఓమ్స్, ఏఈఎస్ వాట్స్, మీ ప్రాసెసర్ మోడల్ ఇక్కడ రాయండి, లిమిటర్ ఎంత దగ్గర పెట్టాలో లెక్క కట్టి చెప్తాను.