టెక్ సందేహాలు: యాప్‌లో 350 యూనిట్లు, బిల్లులో 190 ఏనా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించినాము. ఏప్రిల్‌లో ఫోన్ యాప్ 350 యూనిట్లు చూపించింది, బిల్లులో ఎక్స్‌పోర్ట్ మాత్రం 190 ఏ ఉంది. మిగతా 160 యాడికి పోయినట్టు? మేలో ఎండ మండిపోతా ఉంటే యూనిట్లు ఇంకా తగ్గినాయి, ఇదేం లెక్క?

జవాబు: ఎక్కడికీ పోలేదండి, మీ ఇంట్లోనే ఖర్చయినాయి. యాప్‌కి లెక్క ఇచ్చేది ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టె, ప్యానెళ్ల నుంచి వచ్చిందంతా అది లెక్కేస్తుంది. బిల్లుకి లెక్క ఇచ్చే నెట్ మీటర్‌కి అదంతా తెలీదు, పగలు మీ ఫ్రిజ్జు, మోటారు, ఏసీ వాడుకోగా మిగిలి లైన్లోకి పోయేదే దాంట్లో ఎక్స్‌పోర్ట్ కింద కనపడేది. పెరట్లో మునక్కాయలు కాస్తే కూరకి కోసుకున్నవి పోను మిగిలినవే కదా అంగడికి పోయేది, అట్లా.

నమ్మకం కుదరకపోతే ఒకరోజు పొద్దున 6కి నెట్ మీటర్ డిస్‌ప్లే మారతా మారతా ఎక్స్‌పోర్ట్ దగ్గరికి వచ్చినప్పుడు ఫోటో తీసుకోండి, సాయంత్రం 6న్నరకి ఇంకోటి. మీటర్ 7 యూనిట్లు పెరిగి యాప్‌లో ఆరోజు 12 ఉంటే, 5 మీరు వాడుకున్నట్టు. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటే ఎక్స్‌పోర్ట్ ఇంకా పడిపోతుంది, కంగారు పడొద్దు.

ఇంక మే సంగతి. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసుండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, మన మిద్దె మీద మే మధ్యాహ్నం ప్యానెల్ 60 దాటిపోతుంది, 25 పైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.3 నుంచి 0.4 శాతం పోతుంది అనుకుంటే పదిశాతం పైనే కోత. అది రిపేరు కాదు, ఎవుర్నీ పిలవక్కర్లేదు.

నన్నడిగితే రోజు మొత్తం యూనిట్ల కంటే యాప్‌లో గ్రాఫ్ చూడ్డం మేలు. మబ్బులేని రోజు గ్రాఫ్ బోర్లించిన గిన్నెలా ఉండాల. రోజూ ఒకే టైంకి ఒక పక్క కోసేసినట్టు దిగిందంటే నీడ, మా ఇంట్లో సాయంత్రం మూడున్నరకి అట్లా పడిపోతా ఉంటే నేను నెలరోజులు ఇన్వర్టర్‌నే తిట్టినా, తీరా ఎక్కి చూస్తే పక్కింటోళ్ల కొత్త వాటర్ ట్యాంక్ నీడ రెండు ప్యానెళ్ల మీద పడతా ఉంది. మంచి ఎండలో ఉన్నట్టుండి సున్నాకి పడి మళ్లీ లేచిందంటే కరెంటు పోయుండాల, లేదా లైన్లో వోల్టేజ్ ఎక్కువై ఇన్వర్టర్ ఆగిపోయుండాల. అలారం లిస్టులో గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని రోజూ కనపడితే స్క్రీన్‌షాట్ తీసి ఇన్‌స్టాలర్‌కి పంపండి, ఊరికే నోటితో చెప్తే చూస్తాంలే అంటారు. గ్రాఫ్ ఆకారం బాగుండి ఎత్తు మాత్రం వారం వారం తగ్గుతుంటే దుమ్ము. పొద్దున్నే ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగండి, ఉప్పు బోరు నీళ్లయితే వెంటనే తుడిచేయండి, లేకపోతే తెల్లమచ్చలు కడతాయి.

ప్రశ్న: రౌటర్ మార్చినప్పటి నుంచి సోలార్ యాప్ ఆఫ్‌లైన్ అంటోంది. కరెంటు రావట్లేదా? – చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వస్తానే ఉంటుందమ్మా, ఇన్వర్టర్ డిస్‌ప్లే చూడండి. ఇన్వర్టర్‌కి తగిలించిన వైఫై స్టిక్కుకి పాత పాస్‌వర్డే గుర్తుంది, అంతే. యాప్‌లో వైఫై సెట్టింగ్‌లోకి పోయి కొత్తది ఇవ్వండి, కాకపోతే ఈ స్టిక్కులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, పేరు చివర 5జీ అని ఉండేది కాకుండా రెండోది ఎంచుకోండి.