టెక్ సందేహాలు: గూడబాతు ముక్కు మీది చుక్కలు కనబడాలంటే

టెక్కలి నుంచి ఒక ఉపాధ్యాయుడు అడిగారు: తేలినీలాపురంలో చింతచెట్ల మీది పక్షులను రెండు ఆదివారాలు ఫొటోలు తీశాను. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సైజు) సెన్సర్ ఉన్న డీఎస్ఎల్ఆర్, 70-300 మి.మీ. లెన్స్ వాడుతున్నాను. కెమెరా తెర మీద బాగానే కనిపించిన ఫొటోలు కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే మసకగా, అంచులు చెదిరినట్టు ఉంటున్నాయి. లెన్స్ మార్చేయమంటారా?

ఇప్పుడే మార్చకండి. మీరు జతచేసిన ఫొటోలలో ఎక్కువ భాగం ఉదయం 11 గంటల తర్వాత, 1/200 సెకను షట్టర్ స్పీడ్‌తో తీసినవి. మీ ఇబ్బందికి మూలం చాలావరకు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

ఫొటో పదును తగ్గడానికి కారణాలు అనేకం ఉన్నా, ఒక్కొక్క కారణం ఫొటో మీద ఒక్కొక్క గుర్తును వదిలిపెడుతుంది. ఆ గుర్తును చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఫొటో అంతా, అంటే పక్షి, గూడు, కొమ్మ అన్నీ ఒకే దిశలో సాగినట్టు ఉంటే మీ చెయ్యి కదిలింది. గూడు స్పష్టంగా ఉండి పక్షి మాత్రమే మసకబారితే పక్షి కదిలింది. పక్షి మసకగా ఉండి, దాని ముందున్న చింతరెమ్మ ఒక్కొక్క ఆకూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. వరసగా తీసిన పది ఫొటోలలో అంచులు ఒక్కోదానిలో ఒక్కో రకంగా వంకర్లు తిరిగి ఉంటే అది వేడిగాలి చేసిన పని.

గత శీతాకాలం అదే ఊళ్లో, గట్టు మీద నిలబడి తీసిన రెండు ఫొటోలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. పెలికాన్ అని అందరూ పిలిచే గూడబాతు తన పిల్లకు మేత పెడుతోంది. పిల్ల తల్లి గొంతుసంచిలోకి తలదూర్చి కుదుపుతున్నప్పుడు 1/320 వద్ద తీసిన ఫొటోలో గూటి పుల్లలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి గానీ తల్లి ముక్కు మాత్రం పాలలో ముంచి తీసిన కుంచెలా ఉంది. కాసేపటి తర్వాత 1/1000 వద్ద తీసిన దానిలో, పై ముక్కు అంచు వెంబడి వరసగా ఉండే నీలినలుపు చుక్కలు ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చాయి. ఈ జాతికి ఇంగ్లిషులో పేరు పెట్టింది ఆ చుక్కలను బట్టే. అప్పటి నుంచి నాకు పదునుకు గీటురాయి ఆ చుక్కలే.

మీ లెన్స్ 300 దగ్గర ఉన్నప్పుడు మీ సెన్సర్ మీద అది దాదాపు 450 మి.మీ. లెన్స్ చూపే దృశ్యాన్ని చూపుతుంది. కాబట్టి చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 1/500 కంటే తగ్గవద్దు. కూర్చున్న పక్షికి 1/800, ఎగిరే పక్షికి 1/2000 నా లెక్క. లెన్స్‌లోని స్టెబిలైజర్ మీ చేతి వణుకును ఆపుతుంది, పక్షి కదలికను ఆపలేదు. వేగం పెంచినందువల్ల ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 1600కి పోయినా దిగులుపడకండి, ఎందుకంటే ఫొటోలోని రవ్వను, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే నాయిస్‌ను, తర్వాత తగ్గించుకోవచ్చు గానీ కదిలిపోయిన ముక్కును తిరిగి తెచ్చుకోలేము.

వేళ విషయం ఇంకా ముఖ్యం. ఎండెక్కాక టెక్కలి దాటిన జాతీయ రహదారి మీద దూరాన తారు నీళ్లలా ఆడుతూ కనిపించడం మీరు రోజూ చూసే ఉంటారు. పొలాల మీద, చెరువు గట్ల మీద అదే వేడిగాలి లేస్తుంది. 60 మీటర్ల అవతలి పక్షిని ఆ గాలి గుండానే చూడాలి గనుక, ఎంత ఖరీదైన లెన్స్ అయినా దానిని దాటి చూడలేదు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి ఎనిమిదిన్నర లోపు తీయండి. ఫోకస్‌ను కంటిన్యువస్‌లో (పక్షి కదిలేకొద్దీ సరిచేసుకునే పద్ధతిలో), ఒకే పాయింట్‌తో, పక్షి కంటి మీద పెట్టండి.

లెన్స్ మీద అనుమానం ఇంకా తీరకపోతే ఇంట్లోనే పరీక్షించవచ్చు. నీడలో ఉన్న గోడకు దినపత్రిక అంటించి, 5 మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద కెమెరా ఉంచి, 2 సెకన్ల టైమర్ పెట్టి, 300 దగ్గర లెన్స్ అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6తో ఒకటి, ఎఫ్/8తో ఒకటి తీయండి. వర్గీకృత ప్రకటనల చిన్న అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే లెన్స్ నిర్దోషి. ముందు బిగించిన చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసి కూడా ఒకటి తీసి చూడండి. నేను చూసిన కొన్ని కెమెరాలలో దోషమంతా ఆ గాజుముక్కదే.

ఆమదాలవలస నుంచి ఒక విద్యార్థిని: నా ఫోన్‌లో 50 మెగాపిక్సెళ్ల కెమెరా ఉన్నా పక్షి ఎందుకు చుక్కలా వస్తోంది?

లెక్క వేసి చూద్దాం. గూడబాతు పొడవు సుమారు 1.4 మీటర్లు. ఫోన్ ప్రధాన కెమెరా సాధారణంగా 24 మి.మీ.కు సమానం; 60 మీటర్ల దూరంలో అది 90 మీటర్ల వెడల్పు దృశ్యాన్ని పట్టుకుంటుంది. 50 మెగాపిక్సెళ్ల ఫోన్లు మామూలుగా నాలుగేసి పిక్సెళ్లను కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి, అంటే వెడల్పున సుమారు 4,000 పిక్సెళ్లు. అంత పెద్ద పక్షికి ఇందులో దక్కేవి అరవై చిల్లర పిక్సెళ్లు మాత్రమే. 5 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న ఫోన్‌లో అవి 300 దాటుతాయి, 600 మి.మీ.కు సమానమైన లెన్స్‌తో అంతే పిక్సెళ్ల ఫొటోలో 1,500 దాటుతాయి. డబ్బా మీద రాసిన 30 రెట్లు, 100 రెట్ల జూమ్ చాలావరకు ఆ ఉన్న పిక్సెళ్లను సాగదీయడమే. తక్కువ ఖర్చుతో ముందుకు పోవాలంటే బైనాక్యులర్స్ కంటిఅద్దానికి ఫోన్‌ను అడాప్టర్‌తో బిగించి తీయండి. గూటికి దగ్గరగా వెళ్లడం మాత్రం దారి కాదు: పక్షి గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందే లెక్కగట్టింది. పెద్దపక్షి బెదిరి లేచిపోతే పిల్ల ఎండకూ కాకికీ చిక్కుతుంది.

పార్వతీపురం నుంచి ఒక పాఠకుడు: మసక ఫొటోలను ఏఐ సాఫ్ట్‌వేర్‌తో పదును చేసుకోవచ్చా?

రవ్వ తీయడానికి తప్పకుండా వాడండి. అడోబ్ లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్ రా ఫైళ్ల (కెమెరా మార్చకుండా దాచే మూల ఫైళ్ల) మీద చక్కగా పనిచేస్తుంది. కాబట్టి జేపెగ్‌తో పాటు రా కూడా దాచుకోండి. పదును పెంచే ఏఐ సాధనాల సంగతి వేరు. అక్కడ లేని సమాచారాన్ని అవి ఊహించి పూరిస్తాయి. కదిలిన గూడబాతు ఫొటోను అలాంటి ఒక సాధనానికి ఇచ్చి చూశాను. ఈకలు చక్కగా దువ్వినట్టు వచ్చాయి గానీ ముక్కు మీది చుక్కలన్నీ కలిసిపోయి ఒక నల్లగీత అయ్యాయి. అది చూడముచ్చటగా ఉండవచ్చు, కానీ ఆ పక్షి ఫొటో కాదు. ఆ ఫొటోను ఎవరికైనా పంపేటప్పుడు ఏఐతో పదును చేసిందన్న మాట రాయడం మన బాధ్యత.

విజయనగరం పాఠకుడొకరు సిరిమాను ఊరేగింపు ఫొటోల గురించి అడిగారు. సూత్రం పక్షులకు చెప్పినదే. సాయంత్రపు వెలుతురులో ఫోన్ తనంతట తాను వేగం తగ్గించేస్తుంది. ప్రో మోడ్‌లోకి వెళ్లి 1/500 పెట్టి, నైట్ మోడ్ ఆపేసి, జూమ్ చేయకుండా వరసగా తీయండి. మాను కొసన కూర్చున్న పూజారి ఒక్క ఫ్రేములోనైనా స్పష్టంగా దొరుకుతారు.

ఇచ్ఛాపురం నుంచి వచ్చిన చివరి ప్రశ్న: తేలుకుంచిలో తీసిన కొంగల ఒంటి మీద ఈకలు కనబడక తెల్లకాగితంలా ఉన్నాయి, ఫోకస్ తప్పిందా?

లేదు, వెలుతురు ఎక్కువైంది. ముదురు ఆకుల మధ్య తెల్లని పక్షి ఉంటే కెమెరా ఆకులను చూసి ఫొటో అంతటినీ తెలుపు చేస్తుంది, దానితో ఈకల గీతలు మాసిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 దగ్గర పెట్టి తీయండి. తర్వాత నత్తగుల్ల కొంగ ముక్కును పెద్దది చేసి చూడండి; పై ముక్కుకూ కింది ముక్కుకూ మధ్య సహజంగానే ఉండే సందులోంచి వెనకటి ఆకాశం కనిపించాలి. మబ్బుపట్టిన వేళ వెలుతురు చాలలేదని ఇళ్ల మధ్య చెట్ల మీదికి ఫ్లాష్ కొట్టకండి, ఐఎస్‌ఓ పెంచుకోండి.