మిర్-21 పరీక్ష సంగతి తర్వాత, ముందు ఫిష్ పరీక్ష చేయించండి

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి ఏడు వారాలైంది. గడ్డ 3 సెంటీమీటర్లు, చంకలో రెండు గ్రంథులకు పాకింది. ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టర్లు) నెగెటివ్, హెర్2 2+ అని రిపోర్టు. మైక్రోఆర్ఎన్ఏ కనుగొన్నవాళ్లకు 2024లో నోబెల్ వచ్చిందని చదివాను. రక్తంలో మిర్-21 అనే మైక్రోఆర్ఎన్ఏ ఎంతుందో పరీక్ష చేయించి, దాన్ని తగ్గించే మందు వాడొచ్చా? ఆ పరీక్ష అయ్యాకే కీమోకు పోదామని ఆగినం. అప్పటిదాకా పసుపు క్యాప్సూల్స్ ఇస్తున్నాం.
- ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. హెర్2 కణాలను పెరగమని ఉసిగొల్పే ప్రొటీన్. 2+ అంటే అది ఎక్కువుందో లేదో అటూ ఇటూ తేలని ఫలితం. హెర్2 జన్యువు కాపీలు పెరిగాయేమో చూసే ఫిష్ పరీక్షతో తేల్చాలి, అది మీరు చేయించినట్టు లేదు. దానికి అమ్మగారికి మళ్లీ సూది గుచ్చక్కర్లేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్క మైనపు బ్లాకుగా పాథాలజీ ల్యాబులో ఉంటుంది. బ్లాకు, స్లైడ్లు, హిస్టోపాథాలజీ రిపోర్టు మూడూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఈ ఎండల్లో బ్లాకును కారులో వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది. ముక్కను చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. తక్కువైనా ఎక్కువైనా ఫిష్ సరిగా రాకపోవచ్చు, కాబట్టి ఆ సమయం రిపోర్టులో ఉందో లేదో చూడండి.

ఇక మిర్-21. కణాన్ని పెరగమని చెప్పే పీఐ3కే-ఏకేటీ సంకేతానికి పీటెన్ అనే ప్రొటీన్ బ్రేకు. మిర్-21 ప్రొటీన్‌గా మారని చిన్న ఆర్ఎన్ఏ. అది పీటెన్ తయారీ సందేశాన్ని మోసే ఆర్ఎన్ఏకు అతుక్కుని ఆ ప్రొటీన్ తయారవకుండా అడ్డుపడుతుంది. హెర్2 ఎక్కువైతే ఇదే దారిని మరోవైపు నుంచి ఉసిగొల్పుతుంది. మీరు చదివింది నిజమే. కానీ మిర్-21 వాపులోనూ గాయం మానేటప్పుడూ పెరుగుతుంది, ఆపరేషన్ అయిన మనిషిలో ఆ అంకె దేన్ని సూచిస్తుందో చెప్పలేం. పైగా రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చిట్లితే వాటిలోని మిర్-16, మిర్-451 బయటికొస్తాయి. చాలా ల్యాబులు మిర్-16తోనే పోల్చి లెక్క కడతాయి, అప్పుడు లెక్కే తప్పుతుంది. ఒక్కో మైక్రోఆర్ఎన్ఏ వందల జన్యువులను తాకుతుంది, మందు చేయడం కష్టమయ్యేది అందుకే. మిర్-34ఏ తరహా మందు ఎంఆర్ఎక్స్34 ప్రయోగాన్ని రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడడంతో 2016లో ఆపేశారు. మిర్-21ను తగ్గించే మందేదీ రొమ్ము క్యాన్సర్‌కు ఆమోదం పొందలేదు.

పసుపు క్యాప్సూల్స్ ఈ రోజే ఆపండి. కూరలో పసుపు వేరు, మిరియాల సారం కలిపిన గాఢమైన క్యాప్సూల్ వేరు. వాటితో లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు. డోసిటాక్సెల్ లాంటి కీమో మందును లివరే విడగొట్టాలి, మిరియాల సారం ఆ పనికి అడ్డుపడే అవకాశం ఉంది. క్యాప్సూల్స్ సంగతి ఆంకాలజిస్టు దగ్గర దాచకండి, డబ్బా కూడా చూపించండి. లివర్ పనితీరు చూసే ఎల్ఎఫ్‌టీ రక్తపరీక్ష చేయించండి.

ఏడు వారాలు ఆగడం నాకు నచ్చలేదు. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటితే కీమో ఫలితం తగ్గుతుంది, హార్మోన్ రిసెప్టర్లు లేని గడ్డల్లో ఇది మరీ ముఖ్యం. ఫిష్ పాజిటివ్ అయితే సాధారణంగా కీమోతోపాటు హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు, 21 రోజులకోసారి, మొత్తం ఏడాది. దానికి ముందు, మధ్యలో మూడు నెలలకోసారి గుండె పనితీరు చూసే 2డి ఎకో. నెగెటివ్ అయితే కీమోయే ప్రధానం. ఎటైనా కీమో తప్పకపోవచ్చు, ఫిష్ రిపోర్టు వచ్చేదాకా ఆంకాలజిస్టును కలవకుండా ఉండొద్దు. ఆమెను చూడకుండా రాస్తున్నాను, తుది నిర్ణయం వారిదే. ఆరోగ్యశ్రీ కింద ఏ మందులు వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ఈ వారమే అడగండి.