మేనకోడలికి: కదలికను తుడిచేముందు

అమ్మలూ,

అల్ట్రాసౌండ్ స్కాన్లో రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లో కదలిక వల్ల పడే రంగు మచ్చలను మెషిన్ లెర్నింగ్‌తో తీసేసే ప్రాజెక్టు తీసుకున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. 30 ఏళ్లుగా రోజూ ప్రోబ్ (ఒంటికి ఆనించి స్కాన్ చేసే పరికరం) పట్టుకున్న చెయ్యి నాది. మధ్యలో కొన్నాళ్లు ఇంజనీర్లతో కూర్చుని ఇదే పని చేశాను. ఫోన్లో అయితే సగం మరిచిపోతాను, అందుకే రాస్తున్నా.

ముందు మేం ఎక్కడ దెబ్బతిన్నామో విను. పేషెంటు దగ్గినా, ఊపిరి గట్టిగా తీసినా కలర్ బాక్సంతా ఎరుపు, నీలం అలుక్కుపోతుంది. దాన్ని ఫ్లాష్ అంటాం. కాసేపు మెరిసి మాయమయ్యే రంగు కనబడితే తుడిచెయ్యమని మోడల్‌కి నేర్పాం. అది చక్కగా తుడిచింది, మేమూ సంబరపడ్డాం. ఒకరోజు నడుము నొప్పితో ఒకాయన వచ్చాడు. మూత్రాశయం నిండుగా, తెర మీద నల్లగా, అంచులు స్పష్టంగా ఉంది. కిడ్నీ నుంచి వచ్చే మూత్రం అందులోకి ఏకధారగా పడదు, విడతలు విడతలుగా చిమ్ముతుంది. డాప్లర్‌లో అది అడుగున ఒక పక్క నుంచి ఏటవాలుగా పైకి లేచే నిప్పురవ్వల జల్లులా ఉంటుంది. దాని పేరు యురెటరిక్ జెట్. రాయి నాళాన్ని పూర్తిగా మూసేస్తే ఆ పక్క జెట్ రాదు. ఆయనకు రెండు పక్కలా రాలేదు. నిజంగా మూసుకుపోతే కిడ్నీలు ఉబ్బాలి, చూస్తే ఉబ్బు లేదు. అనుమానమొచ్చి మా ఫిల్టర్ ఆపాను. రెండు పక్కలా శుభ్రంగా చిమ్ముతున్నాయి! మేం తుడవమన్నదే అది తుడిచింది. ఏది తుడవకూడదో చెప్పనిది మేమే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రాయి వెనక మిణుకుమిణుకుమనే రంగు నిజమైన రక్తప్రవాహం కాదు, కానీ చిన్న రాయిని పట్టిచ్చేది అదే. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) చుట్టూ కండ అదిరి రంగు చిందితే లోపల రక్తం సుడులు తిరుగుతోందని అర్థం. ఊపిరితిత్తుల స్కాన్‌లోనైతే ఊపిరితో పాటు పొర జారడం కనిపిస్తోందా లేదా అన్నదే మేం వెతికేది; ఆ కదలికను తీసేస్తే మామూలు ఛాతీ కూడా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన ఛాతీలా కనబడుతుంది. కాబట్టి మోడల్ రాయకముందే ఒక పట్టిక రాసుకో: ఏ అవయవంలో ఏ కదలిక చెత్త, ఏది గుర్తు.

ఇక లెక్క సంగతి. కండ నుంచి వచ్చే ప్రతిధ్వని రక్తం కన్నా 40 నుంచి 60 డెసిబెల్స్ ఎక్కువ, అంటే అల ఎత్తులో వంద నుంచి వెయ్యి రెట్లు. మెషీన్‌లోని వాల్ ఫిల్టర్ నెమ్మదిగా కదిలేదాన్ని కోసేసి వేగంగా కదిలేదాన్ని ఉంచుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా కాలేయం ఎడమ భాగం చిన్న రక్తనాళాల్లోని రక్తం కంటే వేగంగా ఊగితే ఆ సూత్రం తిరగబడుతుంది. అప్పుడు వేగం ఒక్కటే చూస్తే చాలదు. కండ మొత్తం కలిసికట్టుగా కదులుతుంది, రక్తం అలా కదలదు. ఈ తేడా పట్టుకునే 2015లో ఒక ఫ్రెంచ్ బృందం ఎస్‌వీడీ (కలిసి కదిలేదాన్ని విడిగా కదిలేదాని నుంచి వేరు చేసే గణిత పద్ధతి) ఫిల్టర్‌ను చూపింది. నీ మోడల్‌ని ముందు దానితో పోల్చు. దాన్ని దాటకపోతే డీప్ లెర్నింగ్ నెట్‌వర్క్ అక్కర్లేదు.

డేటా దగ్గరే అందరూ తడబడతారు. మెషీన్ దాచే బొమ్మలో రంగు అప్పటికే అచ్చుపడిపోయి ఉంటుంది, ఫేజ్ (ప్రతిధ్వని అల ఏ దశలో ఉందో చెప్పే సమాచారం) పోయి ఉంటుంది. కదలికంటే అసలు ఫేజ్ మార్పే కదా! ఐక్యూ డేటా (ఫేజ్ పోకుండా ఉన్న ముడి సంకేతం) ఇచ్చే రీసెర్చ్ మెషీన్ దొరికేదాకా ఆగు. ఒకే మనిషి, ఒకే క్షణం, కదిలిన బొమ్మా కదలని బొమ్మా రెండూ దొరకవు. అందుకని ఊపిరి బిగబట్టించి తీసిన క్లిప్పులకు ఐక్యూ స్థాయిలోనే కృత్రిమంగా కదలిక కలుపు. బొమ్మను అటూ ఇటూ జరిపితే అది కదలిక కాదు. మోడల్ బొమ్మకూ అసలు బొమ్మకూ మధ్య తేడాల స్క్వేర్ల సగటును తగ్గించడమే లక్ష్యంగా పెడితే సన్న నాళాలు చదునైపోతాయి. మార్కులు బాగా వస్తాయి, రోగం మాయమవుతుంది. ఒకే పేషెంటు ఫ్రేములు శిక్షణలోనూ పరీక్షలోనూ పడకుండా చూసుకో.

గర్భస్థ శిశువు స్కాన్ల జోలికి ఇప్పుడే పోకు. మన దేశంలో పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 చట్టం కింద మెషీన్ రిజిస్టరైన చోటే ఉండాలి, నువ్వే దాని దగ్గరికి వెళ్లాలి. బొమ్మ మూలన అచ్చయిన పేషెంటు పేరు తీయకుండా ఒక్క ఫైలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకు.

చివరిగా, నీ మోడల్ దేన్నీ చెరిపెయ్యొద్దు. అనుమానమున్న రంగును మసకగా చూపించి, పక్కనే అసలు బొమ్మ ఉంచు. నిర్ణయం ప్రోబ్ పట్టుకున్నవాళ్లది.

వచ్చే గురువారం పొద్దున ఎనిమిదింటికి రా. ఆ రోజు కిడ్నీ స్కాన్లు ఎక్కువ. మొదటి పది మందికి నువ్వు కంప్యూటర్ తెరవొద్దు. వాచీ చూస్తూ, కుడి పక్క ఎన్ని జెట్లు, ఎడమ పక్క ఎన్ని అని కాగితం మీద లెక్కపెట్టు చాలు.

మీ మామయ్య